సుద్ద క్వారీ వివాదం: ఇంగ్లండు ప్రణాళికా అప్పీళ్లలో పొరుగువారి స్థానం

ఇంగ్లండు, వేల్స్‌లలో 1948 జూలై 1న అమల్లోకి వచ్చిన 1947 నాటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం భూమిని యజమాని చేతిలోనే ఉంచి, దానిని అభివృద్ధి చేసే హక్కును మాత్రం రాజ్యపరం చేసింది. కట్టడం కట్టాలన్నా, గని తవ్వాలన్నా, భూవినియోగాన్ని చెప్పుకోదగినంతగా మార్చాలన్నా స్థానిక ప్రణాళికా సంస్థ అనుమతి అవసరమైంది. అనుమతి దొరకని దరఖాస్తుదారు మంత్రికి అప్పీలు చేసుకోవచ్చు. హక్కు కోల్పోయిన యజమానికి చట్టం చూపిన ఊరట ఇది. పొరుగువారు కోల్పోయిన హక్కేదీ లేదు గనుక వారికి అప్పీలూ లేదు.

ఈ తర్కం ఎంత ఇరుకైనదో ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్ సమీపంలో తలెత్తిన ఒక వివాదం బయటపెట్టింది. అక్కడ సుద్ద తవ్వుకోవడానికి ఒక సంస్థ అనుమతి కోరగా స్థానిక సంస్థ నిరాకరించింది. అప్పీలుపై బహిరంగ విచారణ జరిగింది. సుద్ద ధూళి తమ పొలాలకూ పశువులకూ చేటు చేస్తుందని పక్క భూముల యజమానులు అందులో వాదించారు. ఇన్‌స్పెక్టర్ వారి ఆందోళనను అంగీకరించి అప్పీలును తోసిపుచ్చాలని సిఫార్సు చేశారు. అయితే విచారణ ముగిసిన తర్వాత మంత్రి వ్యవసాయ శాఖ నిపుణులను విడిగా సంప్రదించి, వారి అభిప్రాయంపై ఆధారపడి అనుమతి మంజూరు చేశారు. ఆ అభిప్రాయానికి బదులు చెప్పే అవకాశం పొరుగువారికి దక్కలేదు.

వారు హైకోర్టుకు వెళ్లారు. లా రిపోర్టుల 1961 సంపుటంలో నమోదైన బక్స్‌టన్ కేసు ఇదే. చట్టం దృష్టిలో వారు ‘బాధిత వ్యక్తులు’ కారని న్యాయస్థానం నిర్ణయించింది. అంటే మంత్రి చేసినది సబబా కాదా అన్న ప్రశ్న దాకా విచారణ సాగనే లేదు. విచారణలో సాక్ష్యమిచ్చిన మనిషికి ఫలితంపై ఫిర్యాదు చేసే అర్హత లేకపోవడం నాడు చాలామందికి వింతగా తోచింది; నేటి పాఠకునికీ అలాగే తోస్తుంది.

కోర్టులో ఓడినా వివాదం సద్దుమణగలేదు. ప్రభుత్వ విచారణల్లో బాహాటత, న్యాయబద్ధత, నిష్పాక్షికత ఉండాలని 1957లో ఫ్రాంక్స్ కమిటీ కోరింది. ఇన్‌స్పెక్టర్ల నివేదికలను వెల్లడించాలనీ సిఫార్సు చేసింది. ఆ కమిటీ ఫలితంగా ఏర్పడిన ట్రిబ్యునళ్ల మండలి సుద్ద క్వారీ ఫిర్యాదును చేపట్టింది. విచారణ తర్వాత వచ్చిన కొత్త సాక్ష్యం ఆధారంగా మంత్రి ఇన్‌స్పెక్టర్‌తో విభేదించదలిస్తే, ముందుగా కక్షిదారులకు తెలిపి వారి మాట వినాలని 1962 నిబంధనలు నిర్దేశించాయి. వ్యక్తి ఓడిన చోట విధానం మారింది. విచారణలో పాల్గొన్నవారిని ‘బాధిత వ్యక్తులు’గా న్యాయస్థానం గుర్తించడానికి మాత్రం 1973 నాటి టర్నర్ కేసు దాకా ఆగవలసి వచ్చింది. అయినా అది చట్టపరమైన లోపాలను ప్రశ్నించే హక్కే. నిర్ణయంలోని మంచిచెడ్డలపై అప్పీలు కాదు.

పెద్ద పథకాల దారి తర్వాత వేరైంది. హీత్రో అయిదవ టెర్మినల్ విచారణ 1995 నుంచి 1999 దాకా సాగింది. నిర్ణయం 2001లో వెలువడింది. ఇటువంటి జాప్యాన్ని నివారించడానికి 2008 ప్రణాళికా చట్టం జాతీయ ప్రాధాన్యం గల పథకాలకు అభివృద్ధి సమ్మతి ఉత్తర్వును ప్రవేశపెట్టి, పరిశీలనకు ఆరు నెలల గడువు విధించింది. పేరు నమోదు చేసుకున్న పొరుగువారు తమ వాదనను లిఖితపూర్వకంగా వినిపించవచ్చు. ఉత్తర్వుపై అప్పీలు ఎవరికీ లేదు. దరఖాస్తుదారుకైనా, పొరుగువారికైనా మిగిలినది ఆరు వారాల్లోగా కోరవలసిన న్యాయసమీక్ష ఒక్కటే.