వయోజనుల ఎలక్ట్రీషియన్ శిక్షణ (చిల్లకూరు ప్రాంతం)

వయోజనుల ఎలక్ట్రీషియన్ శిక్షణ అనగా వ్యవసాయం, చేపల వేట, వ్యాపారం, డ్రైవింగు వంటి వృత్తులలో కొంతకాలం గడిపినవారు నడివయసులో విద్యుత్ పని నేర్చుకొని ఆ వృత్తిలోనికి మారడం. ఆంధ్రప్రదేశ్ దక్షిణ తీరంలోని చిల్లకూరు పరిసరాలలో విద్యుత్ పనికి అవకాశాలు అనేకం ఉన్నాయి. ఈ శిక్షణలో చేరడానికి వయసు పెద్ద అడ్డంకి కాదు. పని నేర్చిన తరువాత దానిని చట్టబద్ధంగా చేయడానికి కావలసిన పర్మిట్ సంపాదించడమే ఇందులో ముఖ్యమైన మెట్టు.

ప్రాంత నేపథ్యం

చిల్లకూరు, గూడూరు పట్టణానికి ఆనుకొని 16వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం. చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ మండలాన్ని 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చారు. వరి సాగు, రొయ్యల చెరువులు, సిలికా ఇసుక గనులు ఈ ప్రాంత ప్రజల జీవనాధారాలు. 2010 దశకంలో మండలంలోని తమ్మినపట్నం వద్ద బొగ్గుతో నడిచే ప్రైవేటు విద్యుత్ కేంద్రాలు నిర్మించారు. కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి (క్రిస్ సిటీ) 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

పొలం పని తగ్గినవారికి, పరిశ్రమలకు భూములు ఇచ్చిన కుటుంబాలవారికి కొత్త ఉపాధి అవసరమవుతుంది. నిర్మాణ పనులలో రోజుకూలీగా చేరడం ఒక మార్గం, నైపుణ్యం గల వృత్తిని నేర్వడం మరొకటి. ఇళ్ళ వైరింగు, మోటార్ల మరమ్మతు, పరిశ్రమలలో నిర్వహణ పని అన్నీ ఎలక్ట్రీషియన్ వృత్తి పరిధిలోనివే.

శిక్షణ మార్గాలు

ఐ.టి.ఐ. కోర్సు: 1950లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన చేతివృత్తుల శిక్షణ పథకం క్రింద పారిశ్రామిక శిక్షణ సంస్థలలో (ఐ.టి.ఐ.) ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధిస్తారు. ఇది రెండేళ్ళ కోర్సు. పదవ తరగతి ఉత్తీర్ణత అర్హత. కనీస వయసు 14 సంవత్సరాలు, జాతీయ మార్గదర్శకాలలో గరిష్ఠ వయోపరిమితి లేదు. మొదటి సంవత్సరంలో భద్రత, తీగల జోడింపు, ఓమ్ నియమం, ఎర్తింగు, ఇంటి వైరింగు, కొలత పరికరాలు, ట్రాన్స్‌ఫార్మర్లు నేర్పుతారు. రెండవ సంవత్సరంలో మోటార్లు, జనరేటర్లు, వైండింగు, కంట్రోల్ ప్యానెళ్ళు, సౌర విద్యుత్తు వంటివి ఉంటాయి.

సార్వత్రిక పాఠశాల: చదువు మధ్యలో ఆపినవారు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పూర్తిచేయవచ్చును. దీనికి కూడా గరిష్ఠ వయసు నిబంధన లేదు. ఏడో తరగతితోనో ఎనిమిదో తరగతితోనో బడి మానిన నలభై ఏళ్ళ వ్యక్తికి ఐ.టి.ఐ.లో చేరడానికి ముందు దాటవలసిన మెట్టు ఇదే.

స్వల్పకాలిక శిక్షణ: బ్యాంకుల ఆధ్వర్యంలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు ఇంటి వైరింగులో సుమారు 30 రోజుల ఉచిత శిక్షణ ఇస్తాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ప్రారంభమైన సంస్థ వీటికి నమూనా. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆదాయం లేని ఈ రెండు నెలలలో మత్స్యకారుడు ఇటువంటి శిక్షణను పూర్తిచేయడానికి వీలుంటుంది.

పూర్వ నైపుణ్య గుర్తింపు: మేస్త్రీ వద్ద పని నేర్చి, చేతిలో ధృవపత్రం లేనివారి కోసం ఈ విధానం ఏర్పడినది. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది ఒక భాగం. అభ్యర్థి నైపుణ్యాన్ని పరీక్షించి ధృవపత్రం ఇస్తారు. అయితే ఇది వైర్‌మన్ పర్మిట్‌కు ప్రత్యామ్నాయం కాదు.

పర్మిట్, చట్టం

విద్యుత్ చట్టం, 2003 క్రింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలను 2010లో జారీచేసింది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. వీటి సారాంశం ఇది: బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి వంటి వాటిని ఉన్నచోటనే మార్చడం మినహా, విద్యుత్ అమరికలలో కొత్త పని గాని, మార్పు గాని, మరమ్మతు గాని లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. పర్యవేక్షించేవారికి అర్హతా పత్రం, పని చేసేవారికి పర్మిట్ ఉండాలి. వీటిని రాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ తనిఖీ శాఖకు అనుబంధమైన లైసెన్సింగ్ బోర్డు జారీచేస్తుంది.

కాబట్టి శిక్షణ ధృవపత్రం, పర్మిట్, కాంట్రాక్టరు లైసెన్సు అనేవి మూడు వేర్వేరు పత్రాలు. మొదటిది నేర్చుకున్నట్లు తెలుపుతుంది. రెండవది పని చేయడానికి అనుమతిస్తుంది. మూడవది ఉంటేనే స్వంతంగా పనులు ఒప్పుకోవడం సాధ్యం.

స్థానిక పరిస్థితులు, భద్రత

తీరప్రాంతంలో ఉప్పుగాలి వలన ఇనుప పెట్టెలు, కనెక్షన్ల కొనలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన జోడింపులో నిరోధం పెరిగి అక్కడ వేడి పుడుతుంది. ఎర్తింగు తీగ తెగిపోయినా దీపాలు, మోటార్లు మామూలుగానే పనిచేస్తాయి గనుక ఆ లోపం బయటికి కనబడదు. ఎవరైనా మోటారు తొడుగును తాకినప్పుడే ప్రమాదం తెలుస్తుంది.

రొయ్యల చెరువులలో నీటికి ప్రాణవాయువు అందించే ఏరేటర్లు మూడు ఫేజుల విద్యుత్తుతో నడుస్తాయి. కేబుళ్ళు తడి గట్ల మీదుగా, కొన్నిచోట్ల నీటిలోనే సాగుతాయి. ఏరేటర్లు ఆగితే పంట నష్టపోతుందన్న తొందరలో, సరఫరా ఆపకుండానే రాత్రివేళ మరమ్మతుకు దిగడం ప్రాణాపాయకరం. లీకేజీ కరెంటును గుర్తించి సరఫరాను తెంచే ఆర్.సి.సి.బి. ఇటువంటి చోట్ల ప్రాణరక్షకం. మనుషుల రక్షణకు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల రకం వాడతారు. ఎం.సి.బి. అధిక కరెంటు నుండి తీగలను కాపాడుతుంది, షాకు నుండి మనిషిని కాపాడదు. ఈ భేదం కొత్తగా నేర్చేవారు మొదట గ్రహించవలసినది.

తుపానుల తరువాత మరొక ప్రమాదం ఉన్నది. ఛేంజోవర్ స్విచ్చి లేకుండా జనరేటరు కలిపితే విద్యుత్తు వెనుకకు ప్రవహించి, సరఫరా లేదనుకొని లైను మీద పనిచేస్తున్న వ్యక్తిని బలిగొనవచ్చును. కావున టెస్టరు దీపాన్ని మాత్రమే నమ్మక, మెయిన్ ఆపి, ఫ్యూజులు తొలగించి, మీటరుతో సరిచూసి పని మొదలుపెట్టాలి.

ఉపాధి, పరిమితులు

నడివయసు అభ్యర్థికి ప్రభుత్వ ఉద్యోగాలలో వయోపరిమితి ఎదురవుతుంది. 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్ (జూనియర్ లైన్‌మన్ గ్రేడ్-2) నియామకాలు జరిగినప్పుడు సాధారణ గరిష్ఠ వయసు 35 ఏళ్ళు. స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉండెను. అందువలన ఈ వయసువారికి ఇంటి వైరింగు, ఆక్వా చెరువుల నిర్వహణ, పరిశ్రమలలో కాంట్రాక్టు పని ప్రధాన అవకాశాలు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంతో ఇంటి పైకప్పు సౌర ఫలకాల అమరిక కూడా వీటిలో చేరినది.

రెండేళ్ళ ఐ.టి.ఐ. చదువులో కోల్పోయే కూలి డబ్బు కుటుంబ పోషకునికి అతిపెద్ద ఖర్చు. స్వల్పకాలిక శిక్షణ ఆ భారాన్ని తగ్గిస్తుంది గాని, దానితో మూడు ఫేజుల మోటార్లు, ప్యానెళ్ళ పనికి తగిన పరిజ్ఞానం రాదు. 30 రోజుల శిక్షణ పొందినవారు పర్మిట్ గల కాంట్రాక్టరు బృందంలో సహాయకులుగా చేరితే సంపాదన ఆగకుండా అనుభవం పెరుగుతుంది. రైతుగా మోటార్లతో, డ్రైవరుగా బ్యాటరీలతో, మేస్త్రీగా గోడలతో ఉన్న పాత పరిచయం కొత్త వృత్తిలో అక్కరకు వస్తుంది.

ఇవి కూడా చూడండి

చిల్లకూరు మండలం
గూడూరు
పారిశ్రామిక శిక్షణ సంస్థ
విద్యుత్ చట్టం, 2003
ఎర్తింగు