వయ్యారిభామ, దాన్ని తినే పురుగు

నస్పూర్ బొగ్గు గనుల చుట్టూ, మంచిర్యాల రైలు పట్టాల వెంట, బడి గోడల కింద, గైరాన్ భూముల్లో తెల్లని చిన్న పూలతో నిలబడే మొక్కను మన పిల్లలందరూ ఎరుగుదురు. వయ్యారిభామ అంటాం, కాంగ్రెస్ గడ్డి అనీ అంటాం. నిజానికి అది గడ్డి కాదు. పొద్దుతిరుగుడు కుటుంబపు మొక్క. మన పెద్దలు కూరకూ మందుకూ చెప్పే ఆకుల వరుసలో దీని పేరు లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ఒరిగిన నాటికి ఈ మొక్క దేశంలో ఎవరికీ బెడద కాదు.

దీని పుట్టిల్లు మెక్సికో ఖాతం చుట్టుపక్కల నేలలు. 1955లో పుణెలో దీన్ని గుర్తించారు. పి.ఎల్. 480 కింద వచ్చిన అమెరికా గోధుమలతో ఇది దిగిందని అందరూ అంటారు. అయితే మన దేశం ఆ ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. మొక్క ముందు, ఒప్పందం తర్వాత. అలాగని గోధుమల మాటను పూర్తిగా కొట్టివేయలేం; 1951లోనే అమెరికా గోధుమలు అప్పుగా వచ్చాయి. విన్న మాటను తేదీల పక్కన పెట్టి చూడటమే చరిత్ర.

ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. గాలి, నీరు, లారీ చక్రాలు, పశువుల గిట్టలు వాటిని మోస్తాయి. చెట్ల నీడ ఉన్న అడవిలో దీనికి చోటు తక్కువ. తవ్వి వదిలిన నేల, బాటల అంచులే దీని ఇల్లు. పశువులు ముట్టవు, మేత తగ్గుతుంది. తాకిన వారిలో కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

పుట్టినచోట దీన్ని తినే పురుగు ఉంది. పేరు జైగోగ్రామా బైకలరేటా. తెల్లని రెక్కల మీద ముదురు చారలున్న చిన్న పెంకుపురుగు. 1983లో మెక్సికో నుంచి బెంగళూరు తెచ్చి, పరీక్షించి, 1984లో వదిలారు. పిల్లపురుగులు లేత చిగుళ్లు తినేస్తే మొక్క పూయలేదు. తర్వాత కొన్నాళ్లకు ఈ పురుగు పొద్దుతిరుగుడు ఆకుల మీదా కనిపించింది. రైతులు భయపడ్డారు. శాస్త్రవేత్తలు పరిశీలించగా, వయ్యారిభామ పుప్పొడి ఆ ఆకుల మీద పడటం వల్లే పురుగు కొరుకుతోందని, ఆ పంట మీద దాని సంతతి నిలవదని తేలింది.

పురుగు పని వానకాలంలోనే. వానలు వెనుదిరిగాక మట్టిలోకి దిగి నిద్రపోతుంది. మొక్క మాత్రం తడి దొరికితే ఏడాది పొడవునా మొలుస్తుంది. అందుకే పురుగు ఒక్కదానితో ఇది పోలేదు. పూత రాకముందే చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్లతో పీకాలి. ఖాళీ అయిన చోట తగిరిస వంటి మన మొక్కలను పెరగనివ్వాలి. అవి దీన్ని అణచగలవు, తగిరిస లేతాకు కూరకూ వస్తుంది.

ఉపాధ్యాయులకు మా మాట ఒకటే. ఊరి చుట్టూ ఉన్న మొక్కల్లో ఏది మనది, ఏది ఎప్పుడు వచ్చిందో పిల్లల చేత పెద్దలను అడిగించి రాయించండి. రాజులు, ఒప్పందాలే కాదు, మన నేల మీద మొలిచినదీ మన చరిత్రే.