గోదాలో స్త్రీ

మల్లవిద్య మన దేశమున రాజాస్థానముల పోషణలో పెరిగినది. సంస్థానముల ప్రాభవము సన్నగిల్లిన కొలది వస్తాదులు టిక్కెట్టు కొని వచ్చు ప్రజలనే ప్రభువులుగా ఆశ్రయించిరి. ఆంధ్రదేశములో కోడి రామమూర్తి తన బలమును సర్కసు డేరాలో ప్రదర్శించి దేశవిఖ్యాతుడైనాడు. బలము వినోదమగుట ఎవరికిని వింతగా తోచలేదు. కాని ఆ బలము స్త్రీదైనపుడు సంఘము దానిని ఏ కంటితో చూచినది? హమీదా బానూ చరిత్ర ఇందుకు సమాధానము.

మీర్జాపూరులో పుట్టి, అలీగఢ్‌లో సలాం పహిల్వాను వద్ద శిక్షణ పొందిన హమీదా, గోదాలో స్త్రీలు అరుదైన ఆ కాలమున పురుషులతోనే తలపడినది. తన్ను ఓడించినవానిని పెండ్లాడెదనని 1954 ఫిబ్రవరిలో ఆమె సవాలు చేసినది. పూర్వకథలలోని స్వయంవరపణము ఇక్కడ టిక్కెట్ల అమ్మకమునకు ఉపకరణమైనది. మే నెలలో బరోడాలో ఆమెతో పోరవలసిన ఛోటే గామా, ఆడుదానితో కుస్తీ పట్టనని తప్పుకొన్నాడు. అతని స్థానమున నిలిచిన బాబా పహిల్వాను 1 నిమిషము 34 సెకన్లలో చిత్తయినాడు. ఆ ఏడే బొంబాయిలో వేరా చిస్తిలిన్ అను రష్యను వనితను ఆమె నిమిషములోపుననే ఓడించినది.

జనము విరగబడి చూచిరి. గౌరవించిరని మాత్రము చెప్పజాలము. కొల్హాపూరులో పురుషుని గెలిచిన ఆమెపై రాళ్లు రువ్విరి. పూనాలో కుస్తీసంఘము వారి అభ్యంతరముచే పోటీ ఆగినది. తన కుస్తీలను నిషేధించుచున్నారని ఆమె మొరపెట్టుకొనగా, బొంబాయి రాష్ట్ర ముఖ్యమంత్రి మొరార్జీ దేసాయి, కారణము ఆమె స్త్రీత్వము కాదనియు, నిర్వాహకులు ఉత్తుత్తి ప్రత్యర్థులను నిలుపుచున్నారన్న ఫిర్యాదులనియు బదులిచ్చెను. లాలూచీ కుస్తీ అను నింద పురుషుల పోటీలకును తప్పలేదు. అయితే పురుషుని విషయమున జనము శంకించినది ఒక పోటీని. హమీదా విషయమున ఆమె శక్తినే.

ఇతర దేశములలోను ఈ వినోదము సందేహముల నడుమనే పెరిగినది. అమెరికాలో మిల్డ్రెడ్ బర్క్ 1930ల నుండియే పేరొందినను, న్యూయార్కు రాష్ట్రములో స్త్రీల కుస్తీపై నిషేధము 1972 వరకు తొలగలేదు. 1954లో బర్క్ బృందము జపానులో పర్యటించినది. 1968లో అచ్చట స్త్రీల కుస్తీకి ప్రత్యేకసంస్థ ఏర్పడి తరతరముల క్రీడాకారిణులను తీర్చినది. మన దేశమున అట్టి ఆశ్రయము లేక, హమీదా కళ ఆమెతోనే ఆగిపోయినది. కల్యాణ్‌లో పాలమ్మి బ్రతుకు వెళ్లదీసిన ఆమె 1986లో కన్నుమూసినది.

2004లో స్త్రీల కుస్తీ ఒలింపిక్సులో చేరినది. 2016లో సాక్షి మలిక్ కాంస్యపతకము గెలువగా దేశము పండుగ చేసికొన్నది. 2017లో హర్యానాకు చెందిన కవితాదేవి అమెరికా వృత్తి కుస్తీవేదిక నెక్కినది. గెలిచిన స్త్రీపై రాళ్లు పడిన గడ్డమీద పూలమాలలు పడుటకు అరువది యేండ్లు పట్టినవి.