పండుగ పిలుపు

మన పంచాంగములో పండుగలకు కొదువ లేదు. కాని ప్రతి పండుగకును కుటుంబమంతయు ఒకచోట కూడవలెనను నియమము లేదు. ఉగాదినాడు ఎవరి యింట వారు వేపపూవు పచ్చడి తిని పంచాంగ శ్రవణము చేయుదురు. శ్రీరామనవమి పందిరి ఊరివారందరిది. శివరాత్రికి భక్తులు క్షేత్రములకు బయలుదేరుదురు. సంక్రాంతికిని, బతుకమ్మతో కూడిన దసరాకును మాత్రము దూరమున నున్నవారు ఇల్లు చేరవలెను. రానివారిని గూర్చి ఇరుగుపొరుగువారు అడుగుదురు. తల్లి సమాధానము చెప్పవలసి వచ్చును. ఈ రెండింటికే ఇంతటి పిలుపు ఏల ఏర్పడినది? ఇందుకు కారణము వ్రతకల్పములలో కొంత కలదు. గాదెలోను, చెరువులోను, బండ్లబాటలోను ఎక్కువ కలదు.

పూర్వము పండుగకు పిలుచు అధికారము రాజునకును ఉండెడిది. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు అచ్చటి మహానవమి వైభవమును విపులముగా వర్ణించెను. కొన్ని ఏండ్లకు వచ్చిన నూనిజ్, నాయకులు రాజునకు చెల్లింపవలసిన ధనమును ఆ తొమ్మిది దినములలోనే సమర్పించుచుండిరని వ్రాసెను. అనగా రాజధానిలో దసరా కొలువు పండుగ మాత్రమే కాదు, లెక్కలు తీర్చు పండుగ కూడ. 1565లో రక్కసి తంగడి యుద్ధముతో ఆ నగరము పాడుపడినది. ఆ కొలువు చెదరినది. ఇంటి పిలుపు మాత్రము నిలిచినది. రాజు నాయకుని పిలిచినది పుచ్చుకొనుటకు. పుట్టిల్లు ఆడపిల్లను పిలిచినది పెట్టుటకు.

ఇంటి పిలుపు మొదట ఎవరి కొఱకో గమనింపవలెను. కొడుకులు తండ్రి యొద్దనే ఉండి సేద్యము చేసికొనుచుండిన కాలమున ఇంటికి దూరమైనది కుమార్తె. చిన్ననాటనే పెండ్లియై అత్తవారింటికి పోయిన పిల్ల తనకు మనసైనపుడు పుట్టింటికి వచ్చుటకు వీలు లేదు. అన్నయో, తమ్ముడో బండి కట్టించుకొని పోయి అడుగవలెను. అత్తమామలు సరే యనవలెను. ఊరక అడిగినచో పనులున్నవందురు. పండుగకని అడిగినచో కాదనుట కష్టము. కనుక పండుగ ఆమెకు సెలవుచీటి వంటిది. ఆ చీటి ఏ నెలలో దొరకునో నిర్ణయించినది వానయు, పంటయు.

తెలంగాణమున ఆ సెలవు బతుకమ్మకు దొరకినది. భాద్రపద అమావాస్యనాడు పితృదేవతలను తలచుకొందురు. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. అక్కడినుండి ఆశ్వయుజ శుద్ధ అష్టమినాటి సద్దుల బతుకమ్మ వఱకు తొమ్మిది దినములు. అప్పటికి వానలు కురిసి చెరువులు నిండియుండును. పాఖాల, రామప్ప వంటి కాకతీయుల కాలపు చెరువుల నాడు ఈ నాడు జలము నిండుటయే బ్రతుకునకు ఆధారము. తంగేడు, గునుగు ఎవరును నాటకయే పొలముగట్ల వెంట పూచును. పూలకు ఖర్చు లేదు. కనుక పేదయింటి పిల్లయు పెద్దయింటి పిల్లతో సమానముగా బతుకమ్మను పేర్చగలదు. పూలమీద నిలిపిన పసుపు గౌరమ్మను ఆడపడుచుగనే భావింతురు. తొమ్మిది దినములు ఆడి పాడి, సద్దులు కట్టి, నీటిలో సాగనంపుదురు. అట్లే వచ్చిన కుమార్తెలును సాగనంపబడుదురు. పాటలలో అత్తింటి కష్టములు, అన్నదమ్ములపై ఆపేక్ష తఱచుగా వినిపించుటకు కారణ మిదియే. ఇంటిలో చెప్పరాని మాట చెరువుగట్టున పాటగా చెప్పవచ్చును. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించినది.

కోస్తా జిల్లాలలో ఆ స్థానము సంక్రాంతిది. అక్కడ చెరువు నిండుటకంటె గాదె నిండుట ముఖ్యము. 1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు సీమను నాశము చేసినది. అట్టి ఏట ఏ యిల్లు ఎవరిని పిలువగలదు? 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిదప డెల్టాలో వరిపంట నిలకడ పొందినది. సార్వా కోతలు, నూర్పుళ్ళు ముగియు వేళకు మకర సంక్రమణము వచ్చును. ఇది సౌరమానపు పండుగ యగుటచే జనవరి 14, 15 తేదీలను దాటి పోదు. ధాన్యము ఇంటికి వచ్చినది. చేతికి పని తగ్గినది. తేదీ ముందే తెలిసినది. పిలుచుటకు ఇంతకంటె అనువైన కాల మేది?

కుమార్తెతో అల్లుడును వచ్చును. కొత్త అల్లునికి జరుగు మర్యాదలను హాస్యముగా చెప్పుకొనుట మనకు అలవాటు. కాని ఆ మర్యాదలో ఒక లౌక్యము కలదు. అల్లుడు తృప్తుడైనచో మఱుసటి ఏడు కుమార్తెను పంపును. కనుమనాడు కాకియైన కదలదను సామెతయు ఇట్టిదే. ఆనాడు ప్రయాణము కూడదనుటచే పశువులకు పూజయు, గారెల విందును జరుగును. కుమార్తెకు తల్లి యొద్ద మఱియొక దినము దక్కును.

తరువాత కొడుకులును ఇల్లు విడిచిరి. 1889లో హైదరాబాదునుండి బెజవాడకు రైలుదారి ఏర్పడెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన ప్రారంభమయ్యెను. చదువులకు మద్రాసు, ఉద్యోగములకు హైదరాబాదు దగ్గరయ్యెను. ఆడపడుచు కొఱకు పుట్టిన పిలుపు ఇంటి బిడ్డలందరిదియు అయ్యెను. రంజానుకు, క్రిస్మసుకు సొంతయూరు చేరు కుటుంబములందును ఇదియే తీరు. నేడు సంక్రాంతికి రైల్వేవారు ప్రత్యేక రైళ్లు నడుపుచున్నారు. హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారి వాహనములతో నిండిపోవుచున్నది.

ఇక ఈ పిలుపు వెనుకనున్న కఠినమైన లెక్కను చూతము. పూర్వపు వ్యవస్థలో ఉమ్మడి ఆస్తియందు కుమార్తెకు కుమారునితో సమాన భాగము లేదు. ఏటేట పెట్టు చీర, పసుపు కుంకుమలు, కట్టి పంపు అరిసెలు, జంతికలు, ఇవియే పుట్టింటిలో ఆమె భాగము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వంత భాగములో ఆమెకు వాటా నిచ్చినను, ఉమ్మడి ఆస్తిపై పుట్టుకతో వచ్చు హక్కును కుమారులకే మిగిల్చినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు చట్టమును సవరించి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఆ హక్కు కలిగించినది. 2005లో కేంద్ర సవరణ దానిని పెండ్లియైన వారికిని వర్తింపజేసినది.

చట్టము మాఱినంతనే మనసులు మాఱవు. వాటా అడిగినచో పండుగకు పిలుపు రాదేమో యని సంతకము చేసి హక్కు విడుచుకొను ఆడపడుచులను మన మెఱుగుదుము. అన్నదమ్ముల ప్రేమకు అది నిదర్శనమని చెప్పుకొందుము. దాని వెనుక భయమును చూడము. చీర వాటాకు బదులు కాదు. వాటా పిలుపునకు బదులు కాదు. న్యాయముగా రావలసినది న్యాయముగా ఇచ్చి, పండుగకు మునుపటివలెనే పిలుచు ఇంటిలోనే ఆడబిడ్డ వెఱపు లేక గడప త్రొక్కగలదు. సంక్రాంతికి ఇల్లు నిండినదని మనము సంతోషించునపుడు ఆ నిండుదనములో ఎవరు ఏమి విడుచుకొని వచ్చిరో కూడ ఒకమాఱు తలచుకొనుట మంచిది.