ఇరవై సెకండ్లు, వెయ్యి సెకండ్లు: హైదరాబాదు స్క్రామ్‌జెట్ పరిశోధనలో ఇన్‌టేక్ స్థానం

భారతీయ క్షిపణుల చరిత్రను సాధారణంగా ప్రయోగ తేదీలతో రాస్తున్నారు. ఇంజనులోకి గాలి ఎలా చేరిందన్న ప్రశ్నకు ఆ చరిత్రలో చోటు తక్కువ. హైదరాబాదులో జరిగిన రామ్‌జెట్, స్క్రామ్‌జెట్ పరిశోధనల పరిణామాన్ని గ్రహించడానికి ఆ ప్రశ్న కీలకం.

ఈ ఇంజన్లలో కంప్రెసర్ ఉండదు. ఎదురువచ్చే గాలిని షాక్ తరంగాలే సంపీడనం చేయాలి. ఒకే లంబ షాక్ దాటితే గాలి మొత్తం పీడనంలో మాక్ 2 వద్ద 72 శాతం, మాక్ 3 వద్ద 33 శాతం, మాక్ 6 వద్ద సుమారు 3 శాతం మాత్రమే మిగులుతుంది. బలహీనమైన ఏటవాలు షాక్‌లను వరుసగా నిలిపితే నష్టం తగ్గుతుందని, అవి సమబలంతో ఉన్నప్పుడు ఫలితం ఉత్తమమని 1944లో క్లాస్ ఓస్వాటిష్ చూపాడు.

అయితే ఏటవాలు షాక్ గోడకు తగిలి పరావర్తనం చెందుతుంది. కొన్ని పరిస్థితులలో గోడ వద్ద దాదాపు లంబంగా మరొక షాక్ నిలిచి, దాని వెనుక ప్రవాహవేగం ధ్వనివేగం కన్నా తగ్గుతుంది. 1878లో ఎర్నెస్ట్ మాక్ గుర్తించిన ఈ పరావర్తనాన్ని 1940లలో జాన్ ఫాన్ నాయ్‌మన్ సిద్ధాంతపరంగా వివరించాడు. ఇన్‌టేక్‌లో ఇది పెరిగితే దారి ఇరుకై, షాక్‌లు ముందుకు నెట్టబడి, గాలి బయటికే చిమ్ముతుంది. దీనినే అన్‌స్టార్ట్ అంటారు.

1983లో ఆరంభమైన సమగ్ర క్షిపణి కార్యక్రమంలో హైదరాబాదులోని డీఆర్‌డీఎల్ రూపొందించిన ‘ఆకాశ్’కు రామ్‌జెట్, నాలుగు ఇన్‌టేక్‌లు ఉన్నాయి. దాని తొలి ప్రయోగం 1990లో జరిగింది. రామ్‌జెట్‌లో దహనం ధ్వనివేగం కన్నా తక్కువ వేగంలో జరుగుతుంది కనుక చివరన ఒక లంబ షాక్ తప్పదు. మాక్ 6 వద్ద అంతగా వేగం తగ్గిస్తే గాలి విపరీతంగా వేడెక్కుతుంది. అందుకే స్క్రామ్‌జెట్‌లో ప్రవాహాన్ని ధ్వనివేగానికి మించే ఉంచుతారు. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరం నుండి ప్రయోగించిన హెచ్‌ఎస్‌టీడీవీలో ఇన్‌టేక్ తెరుచుకొని, మాక్ 6 వద్ద 20 సెకండ్లకు పైగా దహనం నిలిచింది. అదే ఏడాది డిసెంబరు 19న హైదరాబాదులో మాక్ 5 నుండి 12 వరకు పనిచేసే హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ప్రారంభమైంది.

2025 ఏప్రిల్ 25న హైదరాబాదులోనే ఒక దహన కోష్ఠం నేలమీద 1,000 సెకండ్లకు పైగా పనిచేసింది. ఈ తరహా పరీక్షలో వేడిచేసిన గాలిని గొట్టం ద్వారా నేరుగా కోష్ఠంలోకి పంపుతారు. ఇన్‌టేక్ ప్రమేయం ఉండదు. కనుక 20, 1,000 అన్న అంకెలను ఒకే కొలబద్దపై పోల్చడం చారిత్రకంగా పొరపాటు. మొదటిది షాక్‌ల పరీక్షను కూడా దాటిన కాలం. రెండవది దహనానికి, శీతలీకరణకు సంబంధించిన కాలం. ఈ రెండూ ఒకే వాహనంలో, ఒకే ప్రయాణంలో కలిసిన నాడే ఆ వెయ్యి సెకండ్లకు పూర్తి అర్థం చేకూరుతుంది.