భద్రాచలం ఏజెన్సీ బడుల్లో చౌక ప్రయోగాలు

1953లో వరంగల్ నుంచి విడివడి ఏర్పడిన ఖమ్మం జిల్లాలో, అప్పటివరకు తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం ప్రాంతం 1959లో కలిసింది. నిజాం పాలన నుంచి కొంత, మద్రాసు పాలన నుంచి కొంత వచ్చి చేరిన ఈ ఏజెన్సీలో, అంటే గిరిజన అటవీ సీమలో, కోయ, కొండరెడ్డి పిల్లల కోసం ఆశ్రమ పాఠశాలలు, అంటే బస, భోజనం, చదువు ఒకేచోట ఉండే ప్రభుత్వ బడులు, విస్తరించాయి. వాటిలో సైన్సు బోధన చరిత్రను పరిశీలించేవారు పరికరాల ఖరీదు కంటే ముందు వాటి లెక్కాజమాల సంగతి చూడవలసి ఉంటుంది.

చేతికందే వస్తువులతో ప్రయోగాలు చేయించాలన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో ధ్వంసమైన దేశాల ఉపాధ్యాయుల కోసం యునెస్కో 1948లో వెలువరించిన చిన్న పుస్తకంతో బలపడి, 1956 నాటికి పెద్ద గ్రంథంగా పెరిగింది. మన దేశంలో 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం దానిని గ్రామీణ తరగతి గదికి తెచ్చింది. అందులో పాల్గొన్న అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి రేఖాగణిత ఆకృతులు కట్టించాడు.

1986 జాతీయ విద్యావిధానాన్ని అనుసరించి వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రాథమిక బడులకు సైన్సు కిట్టును, అనగా ప్రయోగ సామగ్రి పెట్టెను, అందించింది. అయితే ఆ పెట్టెలోని ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టరుకెక్కడంతో, పగిలితే సంజాయిషీ ఇచ్చుకోవలసిన ఉపాధ్యాయుడు దానిని బీరువాలో పెట్టి తాళం వేయడమే క్షేమమనుకున్నాడు. ఆ భయాన్ని తప్పుపట్టడం కష్టం. చౌక వస్తువు అసలు ప్రయోజనం ఇక్కడే బయటపడుతుంది, ఎందుకంటే పగిలిన సొరబుర్రకు ఏ తనిఖీ అధికారీ లెక్క అడగడు.

బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత ఆంధ్రప్రదేశ్ అంతటికీ విస్తరించిన ప్రాథమిక విద్యా పథకం చేస్తూ నేర్చుకోవడాన్నీ, స్థానిక పరిసరాలను వాడుకోవడాన్నీ బోధనా సూత్రాలుగా ప్రకటించింది. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ఇదే దృష్టిని ‘చెకుముకి’ పత్రిక ద్వారా, పిల్లల సైన్సు సంబరాల ద్వారా బడి బయటికి కూడా తీసుకువెళ్ళింది.

పరిసరాల విషయంలో ఏజెన్సీకి లోటు లేదు. పొద్దున తియ్యగా ఉండి పొద్దెక్కేకొద్దీ పులిసే జీలుగు కల్లు కిణ్వనానికి, అంటే ఈస్టు అనే సూక్ష్మజీవి చక్కెరను ఆల్కహాలుగా మార్చే క్రియకు, నిదర్శనం. ఇప్పసారా కాచే కుండలు స్వేదనానికి, అంటే ఆవిరిని చల్లార్చి తిరిగి ద్రవంగా పట్టే పద్ధతికి, సజీవ ఉదాహరణ. వీటిని బడిలో ప్రస్తావించడానికి మర్యాద అడ్డొచ్చినా, పాఠ్యపుస్తకంలోని గాజు కండెన్సరు చేసే పనీ అదే. భద్రాచలం వద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి, 1986లో 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు ఎక్కిన ఆ నీటిమట్టాలు కొలతల పాఠానికీ, గ్రాఫు పాఠానికీ పైసా ఖర్చులేని సామగ్రి.

వస్తువు దొరికినా ప్రశ్న అడిగే భాష వేరుగా ఉండడం మరో చిక్కు. 2004లో కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య ప్రారంభమైంది; కాని అది ప్రాథమిక తరగతులకే పరిమితమైనందున, ప్రయోగాలు విస్తారంగా ఉండే ఆరో తరగతి నుంచి ఆ పిల్లలు తెలుగు లేదా ఇంగ్లిషు పాఠాలతోనే సాగవలసి వచ్చింది.