తెలుగున విజ్ఞాన సర్వస్వములు

గ్రహణము పట్టుటకు కారణమేమి? పిడుగు ఎట్లు పుట్టును? ఆవిరియంత్రము ఏ బలముచే నడచును? ఇట్టి ప్రశ్నలు పండితునకే కాక పొలము దున్ను రైతునకును కలుగును. కాని ఇరువదవ శతాబ్దారంభమున వీనికి శాస్త్రీయమైన సమాధానము కావలెనన్న ఇంగ్లీషు నేర్చుట తప్ప వేఱు మార్గము లేకుండెను. తెలుగున కావ్యములు, పురాణములు, శతకములు కొల్లలుగ నుండినను, సామాన్యుడు చదువదగిన శాస్త్రగ్రంథములు మిక్కిలి అరుదు. ఈ కొఱతను తీర్పబూనిన వారిలో అగ్రగణ్యులు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరమున నాటి కృష్ణా జిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, అక్కగారగు భండారు అచ్చమాంబగారి ప్రాపున పెరిగి, నాగపురమున చదివిరి. మరాఠీ భాషలో వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యము గడించియు, తమ శక్తిని మాతృభాషకే అర్పించిరి. మునగాల సంస్థానమున దివానుగ నుండి, రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావుగార్లతో కలిసి 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి.

గ్రంథాలయము వెలసినది, కాని అందుంచుటకు నూతన విజ్ఞానమును తెలుపు తెలుగు గ్రంథములేవి? ఈ ప్రశ్నకు సమాధానముగ 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడెను. తరువాత గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము 1907లో మండలి ప్రథమ గ్రంథముగ వెలువడెను. పిమ్మట దేశచరిత్రలతోపాటు ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము మున్నగునవి వచ్చెను. ఈ రచయితలకు విషయముకంటె పరిభాషయే కష్టతరమయ్యెను. ఒక్కొక్క వాయువునకు, ఒక్కొక్క అవయవమునకు తెలుగువాడు పలుకగల పేరు వెదకవలసి వచ్చెను. తరువాతి తరములకు అలవాటైన ఉదజని, ఆమ్లజని, నత్రజని వంటి మాటలు ఇట్టి అవసరము నుండి పుట్టినవే.

విడివిడి గ్రంథములతో తృప్తి చెందక, లక్ష్మణరావుగారు సమస్త విషయములను అకారాది క్రమమున వివరించు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు మద్రాసున పూనుకొనిరి. ప్రథమ సంపుటము 1915లో వెలువడెను. మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ఇందు వారికి తోడ్పడిరి. ప్రతి విషయమును మూలముదాక శోధించి వ్రాయుట వారి నియమము. అందుచే మూడు సంపుటములు ముగిసినను గ్రంథము అకారమును దాటలేదు. ఇంతలో 1923 జూలై 12వ తేదీన, నలువదియాఱేండ్ల ప్రాయమున, వారు పరమపదించిరి. గ్రహణమును గూర్చి తెలిసికొనగోరి 'గ' అక్షరమునకై ఎదురుచూచిన పాఠకునకు ఆ సంపుటము చేతికందలేదు.

1930 తరువాత దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఈ కార్యమును మరల చేపట్టిరి. కాని 1938లో వారును దివంగతులైరి. 1947లో ఏర్పడిన తెలుగు భాషా సమితి మార్గమును మార్చెను. అక్షరక్రమమును విడిచి, చరిత్ర, భౌతిక రసాయన శాస్త్రములు, తెలుగు సంస్కృతి అని ఒక్కొక్క విషయమునకు వేఱు సంపుటమును కేటాయించెను. ఏ సంపుటమునకు ఆ సంపుటమే పూర్ణమగుటచే, పని నడుమ నిలిచినను చదువరికి నష్టము తక్కువ. హైదరాబాదున 1958లో ప్రారంభమైన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశము సంక్షిప్త వ్యాసముల పద్ధతి నవలంబించి, అక్షరక్రమముననే ఎనిమిది సంపుటములుగ సాగెను. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియా ఆరంభమైనది. ఇందు ఎవ్వరైనను, ఏ అక్షరము నుండియైనను వ్రాయవచ్చును. తప్పు కనబడినచో దిద్దవచ్చును.

లక్ష్మణరావుగారి యత్నము అసంపూర్ణమే గాని వ్యర్థము కాలేదు. శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని వారు ఋజువు చేసిరి. అటుపై వచ్చినవారు వారి అనుభవమునుండియే సులభమార్గములను వెదకుకొనిరి. అయినను సర్వస్వము బీరువాలో నుండుటచేతనే విజ్ఞానము వ్యాపింపదు. గ్రహణమునాడు ఆకసము వంక చూచి "ఏల?" అని అడిగిన బాలునకు తగిన పుటను తెఱచి చూపు హస్తమొకటి కావలెను. ఆ హస్తము గ్రామ గ్రంథాలయమే.